తెలుగు తరగతికి పది పేర్లు

(హోసూరు ప్రాంతపు తెలుగువారి సర్వసభ్య సమావేశమున మన శాసనసభ్యులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సమావేశమునకు వచ్చి, నియోజకవర్గమున జరిగిన పనులను, జరుగని పనులను మీకు విన్నవించుట నాకు ఆచారము. ఈ యేడు ఆ పద్దులు త్వరగా ముగించి, మిగిలిన కాలమును మన పిల్లల తెలుగు తరగతి విషయమునకు వినియోగింప నెంచితిని. ఆ పని నా యొక్కని వలన కాదు. మీరు లేక జరుగదు.

మొదట నీటి సంగతి. మన జిల్లాలోను, ధర్మపురి జిల్లాలోను బోరుబావుల నీటిలోని ఫ్లోరైడు మన ముందు తరము వారి పండ్లను పచ్చబరచి, ఎముకలను వంచినది. 2013లో హొగెనకల్ పథకము ప్రారంభమై కావేరి నీరు గొట్టముల ద్వారా రాసాగిన పిదప ఆ బాధ చాలవరకు తగ్గినది. అయినను గొట్టపు దారికి కొననున్న పల్లెలలో నేటికిని ధార సన్నముగనే యున్నది. అట్టి పల్లెల జాబితా తయారుచేసి అధికారులకు ఇచ్చితిని. రెండింట పని మొదలైనది. తక్కిన వానికి ఇంకను ప్రయత్నించుచున్నాను.

దక్షిణ పినాకిని సంగతి వేరు. నంది కొండల ప్రాంతమున పుట్టి, బెంగుళూరు ప్రక్కగా వచ్చు ఆ నది కెలవరపల్లి జలాశయమునకు నీటితోపాటు ఆ నగరపు మురుగును తెచ్చుచున్నది. వానలు పడి మదుగులెత్తిన దినమున నురుగు కొండలవలె లేచుట మీరెల్లరు చూచినదే. సభలో ప్రశ్న వేసితిని. జవాబు వచ్చినది. నురుగు పోలేదు. ఇది రెండు రాష్ట్రములు కూర్చుండి తేల్చవలసిన వ్యవహారము గనుక, వచ్చే యేటికి తేలునని మీకు వాగ్దానము చేయజాలను.

రాగి కోతల కాలమున జవళగిరి, తళి అడవుల నుండి ఏనుగులు దిగివచ్చి పైరు త్రొక్కుచున్నవి. నష్టపరిహారపు మనవులు ఆలస్యమగుటకు ముఖ్య కారణము, పొలము చదును చేసిన తరువాత మనవి వ్రాయుట. త్రొక్కిన పైరును గ్రామాధికారికి చూపి, ఫోటో తీయించి, అటుపిమ్మట చదును చేయుడు.

ఇక మనవుల మాట. నా వద్దకు వచ్చువానిలో ఎక్కువ భాగము పట్టా మార్పిడి, వృద్ధాప్య పింఛను, రేషను కార్డు. వీనికి నా సిఫారసు అక్కరలేదు. ప్రతి సోమవారము కలెక్టరు కచేరీలో మనవులు పుచ్చుకొందురు. తాలూకా కచేరీలో ఏటేట జమాబంది జరుగును. అయినను మనవారిలో కొందరు వెళ్లుటకే జంకుచున్నారు. "తమిళము వ్రాయరాదు గదా, ఏ ముఖముతో పోదును?" అని ఒక ముదుసలి నన్నడిగినది. అమ్మా, రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము, ఈ రాష్ట్రమున వాడుకలోనున్న యే భాషలోనైనను నీ కష్టమును యే అధికారికైనను వ్రాసికొనుటకు నీకు హక్కు కలదు. హక్కు అట్లుండ, తెలుగు మనవి తర్జుమా కొరకు బల్లపై కొంతకాలము నిద్రించుటయు వాస్తవమే. కావున తెలుగు ప్రతితోపాటు తమిళ ప్రతి యొకటి జతచేయుట మేలు. వ్రాసిపెట్టుటకు మన సంఘపు యువకులు ఇద్దరు ఒప్పుకొనినారు.

ఇప్పుడు ముఖ్య విషయమునకు వచ్చెదను.

మన ప్రాంతమున ఒక గ్రామము కలదు. పేరు చెప్పను, చెప్పినచో ఆ ఊరివారికి తలవంపు. అచ్చటి ప్రాథమిక పాఠశాలలో తాతలనాటి నుండి తెలుగు విభాగము నడచుచున్నది. తెలుగు పంతులుగారు పదవి విరమించిరి. ఆయన స్థానమున మరియొకరిని వేయలేదు. గ్రామ పెద్దలు అరువది సంతకములతో మహజరు తెచ్చి నా చేతికిచ్చి, "మన భాషకు అన్యాయము జరుగుచున్నది, సభలో గర్జింపుడు" అనిరి.

గర్జించుటకు ముందు విద్యాధికారిని కలిసితిని. ఆయన మర్యాదగా కుర్చీ వేయించి, ఆ పాఠశాల హాజరుపట్టీ తెరచి చూపినారు. ఉపాధ్యాయ పదవుల లెక్క ఆగస్టు 1వ తేదీ నాటి పిల్లల సంఖ్యనుబట్టి కట్టుదురు. ఆ నాటికి తెలుగు విభాగమున అయిదు తరగతులలో కలిపి ఏడుగురు పిల్లలు. అరువది సంతకములకు ఏడుగురు! "సంతకము చేసినవారి పిల్లలు ఎచ్చట చదువుచున్నారు?" అని ఆయన అడిగిరి.

ఆ ప్రశ్నకు జవాబు కొరకు ఆ ఊరికి పోయితిని. సంతకము చేసినవారి పిల్లలు తెల్లవారగనే పసుపుపచ్చ వ్యానులెక్కి పట్టణములోని ఇంగ్లీషు బడులకు పోవుచున్నారు. ఆ ఏడుగురిలో అయిదుగురు అరుంధతీయుల వాడ పిల్లలు. వారి తల్లులు చీకటితోనే లేచి పట్టణపు వీధులు ఊడ్చుటకు పోవుదురు. ఇంట మాటలాడునది తెలుగే. మన సమావేశములలో ముందు వరుస కుర్చీలలో వారిని నేనెన్నడును చూడలేదు. ఈనాడును వెనుక నిలిచియున్నారు. దయచేసి ముందుకు వచ్చి కూర్చుండవలెనని ప్రార్థించుచున్నాను. ఆ ఊరి తెలుగు బడిని నిలిపియుంచినది వారి పిల్లలే.

నియమములు ఏమి చెప్పుచున్నవో కొంచెము వివరించెదను. 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రులు ఒక నిర్ణయము చేసిరి: పాఠశాలలో నలుబదిమంది గాని, ఒక తరగతిలో పదిమంది గాని ఆ భాషవారున్నచో, ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు ఉపాధ్యాయుని నియమింపవలెను. 1956లో రాష్ట్రములు పునర్వ్యవస్థీకృతములైనప్పుడు 350ఎ అధికరణము రాజ్యాంగమున చేరినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నందించుటకు ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని దాని భావము. పదిమంది, నలుబదిమంది అను సంఖ్యలు రాజ్యాంగములో లేవు. అవి రాష్ట్రములు ఒప్పుకొనిన పద్ధతి. దానితోపాటు ఒప్పుకొనిన మరి రెండు మాటలు మనవారికి అంతగా తెలియవు. మొదటిది, బడి తెరచుటకు మూడు నెలల ముందుగనే మాతృభాష కోరు పిల్లల పేర్లు రిజిస్టరున వ్రాయింపవచ్చును. రెండవది, ఒక బడిలో సంఖ్య చాలనప్పుడు దాపు బడుల పిల్లలను ఒకచోట చేర్చి తరగతి నడపవచ్చును. పేర్లే లేనిచో ఈ మాటలకు బలమెక్కడిది? పది పేర్ల పట్టీ నా చేతనున్న దినమున సభలో నేను లేచి అడుగు ప్రశ్నకు మంత్రిగారు జవాబు చెప్పక తప్పదు.

తండ్రులు నన్నడిగిన ప్రశ్నలను నేను దాటవేయను. "తెలుగులో చదివిన మావానికి ఉద్యోగమెట్లు?" అని. ఇది న్యాయమైన ప్రశ్న. తమిళము బాగుగా రానివానికి ఈ రాష్ట్రమున ప్రభుత్వోద్యోగము లేదు. 2021 డిసెంబరు ఉత్తరువు తరువాత సర్వీసు కమిషను పరీక్షలలో తమిళ పత్రమున నూటికి నలుబది మార్కులు తప్పనిసరి. తమిళ మాధ్యమమున చదివినవారికి ఉద్యోగములలో 20 శాతము కేటాయింపు కలదు. తెలుగు మాధ్యమమున చదివినవానికి అది దొరకదు. దీనిని కప్పిపుచ్చి మిమ్ములను తెలుగు బడికి పిలుచుట మోసమగును.

కాని ఆ నష్టమునకు భయపడి తెలుగును పూర్తిగా వదలనక్కరలేదు. 2006 నాటి తమిళ బోధన చట్టము తమిళమును మొదటి భాషగా నిర్బంధము చేసినను, మాతృభాషను ఐచ్ఛిక పాఠముగా చదువుకొను అవకాశము నుంచినది. పదవ తరగతి తమిళ పరీక్ష విషయమై భాషాల్పసంఖ్యాకులు న్యాయస్థానములకెక్కగా, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక యేటికి మినహాయింపు పొడిగించినది. ఇట్టి మినహాయింపులపై మన పిల్లల బ్రతుకు కట్టుట నాకు ఇష్టము లేదు. పిల్లవాడు తమిళము ధాటిగా చదువవలెను, వ్రాయవలెను. తమిళ మాధ్యమమే మేలని తోచినవారు అందే చేర్చి, తెలుగును ఐచ్ఛిక పాఠముగా కోరుడు, నేను తప్పుపట్టను. మొదటి అయిదేండ్లు తెలుగులో చదివి, తమిళమును ప్రక్కనే దిట్టముగా నేర్చిన పిల్లలను కూడ నేనెరుగుదును. వారు దేనికిని వెనుకబడలేదు.

ఇక వ్యానెక్కు పిల్లల తండ్రులకు ఒక లెక్క చెప్పవలెను. ఆరవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు ప్రభుత్వ పాఠశాలలో చదివినవారికి 2020 నుండి వైద్య కళాశాలలలోను, 2021 నుండి ఇంజనీరింగు మొదలగు వానిలోను 7.5 శాతము స్థానములు ప్రత్యేకముగ నున్నవి. ప్రభుత్వ పాఠశాలలో చదివి పై చదువులకు పోవు ఆడపిల్లలకు 2022లో వచ్చిన పుదుమై పెణ్ పథకము క్రింద నెలకు వేయి రూపాయలు లభించును. అప్పుచేసి ఫీజు కట్టుచున్న తండ్రి ఈ రెంటిని తన కాగితముపై వేసి చూచుకొనవలెను.

మరియొక మాట, జనగణన గురించి. 2011 లెక్క ప్రకారము ఈ రాష్ట్రమున తెలుగు మాతృభాషయని చెప్పినవారు సుమారు 42 లక్షలు, నూటికి ఆరుగురికి కొంచెము తక్కువ. ఇంట తెలుగు మాటలాడుచు, గణకుడు అడిగినప్పుడు మొగమాటముచే "తమిళము" అని చెప్పినవారు ఈ లెక్కలో లేరు. తరువాతి గణనకు 2027 మార్చి 1 ప్రామాణిక దినమని 2025లో ప్రకటించిరి. మాతృభాష యేదియని అడిగినప్పుడు ఇంట మాటలాడు భాషనే చెప్పుడు. మాతృభాష తెలుగని చెప్పి, తరువాతి ప్రశ్నలో తమిళము, కన్నడము తెలియునని చెప్పుటకును చోటు కలదు. దాన ఎవ్వరికిని ద్రోహము లేదు.

ఆ గ్రామములోను, దాపు రెండు పల్లెలలోను కలిపి వచ్చే జూనున ఒకటవ తరగతిలో చేరదగిన తెలుగు పిల్లలు ఇరువదిమందికి తక్కువ లేరని విచారించి తెలిసికొంటిని. మనకు కావలసినది పదిమంది. దరఖాస్తు పత్రములు కార్యదర్శిగారి వద్ద నున్నవి. పిల్లవాని జనన పత్రము, రేషను కార్డు నకళ్లు జతచేసి ఫిబ్రవరి నెలాఖరులోగా వారికి అందజేయుడు. మార్చి మొదటి సోమవారము ఆ పత్రములతో కలెక్టరు కచేరీకి నేను స్వయముగ వచ్చెదను. అరుంధతీయుల వాడకు ఈ ఆదివారమే పోవుదము. సాయంకాలము నాలుగు గంటలకు రండు. ఉదయమున అచ్చటి తల్లులు పనిలో నుందురు.