జీప్ స్వే బార్ విప్పి రాళ్ళెక్కుతున్నారా? ముందు ఇది వినండి

పోయిన ఎపిసోడ్‌లో అమెరికా యూటా రాష్ట్రంలోని మోయాబ్ ట్రిప్ చూపించాను కదా. చాలామంది ఒకటే అడిగారు, "అన్నా, ట్రయిల్ మొదట్లో బండి కింద దూరి ఏం చేశావ్?" అని. స్వే బార్ విప్పాను. ఈరోజు దాని గురించే. తిరుగు దారిలో నేను చేసిన వెధవ పని కూడా చెప్తా.

స్వే బార్ అంటే ముందు రెండు చక్రాల మధ్య అడ్డంగా ఉండే స్టీలు కడ్డీ. దాని రెండు కొసలకీ చెరో లింకు, ఆ లింకులు యాక్సిల్‌కి. హైవే మలుపులో బండి ఒరగబోతే ఈ కడ్డీ మెలితిరిగి, ఒరగకుండా పట్టుకుంటుంది. రాళ్ళలో మాత్రం అదే మనకి అడ్డు. ఎడమ చక్రం బండ ఎక్కినప్పుడు కుడి చక్రం గుంటలోకి దిగాలి, కడ్డీ దిగనివ్వదు. చక్రం గాల్లో ఉత్తినే తిరుగుతుంది.

రాంగ్లర్ రుబికాన్‌లో అయితే బటన్ నొక్కితే చాలు. ఫోర్ వీల్‌లో నెమ్మదిగా వెళ్తుంటే బార్ విడిపోతుంది, గంటకి 29 కిలోమీటర్లు దాటితే తనే మళ్ళీ కలుస్తుంది. నాది స్పోర్ట్, ఆ భాగ్యం లేదు. పిన్ను లాగితే ఊడే లింకులు విడిగా కొని వేయించుకున్నా.

బండి చదునైన చోటే ఆపాలండీ. ఏటవాలులో కడ్డీ అప్పటికే మెలితిరిగి ఉంటుంది, పిన్ను తీయగానే ఫట్‌మని తన్నుతుంది. వేళ్ళు పోతాయ్. స్టీరింగ్ తిన్నగా పెట్టి, గేరు పార్క్‌లో వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, ఇంజన్ ఆపి, చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాకే కిందకి వెళ్ళండి. పిన్ను రాలేదా? సుత్తి వద్దు, ఒక పక్క జాకీ అసలే వద్దు, ఇంకా బిగుస్తుంది. బయటికొచ్చి బండిని కాస్త జరిపి మళ్ళీ చూడండి. ఒక్క పక్కే విప్పి వదిలేసేవాళ్ళు ఉన్నారు. ఆ కొస ఊగుతూ బ్రేక్ గొట్టానికో టైరుకో తగులుతుంది. రెండూ విప్పి, కడ్డీని పైకి లేపి గట్టిగా కట్టండి. తర్వాత స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి ఏదీ తగలట్లేదని చూసుకోండి. వెనక బార్ జోలికి వెళ్ళొద్దు.

ఇక నా కథ. ఫిన్స్ అండ్ థింగ్స్ ట్రయిల్ దిగేసరికి చీకటి, ఆకలి. టైర్లలో గాలి కొట్టా, బార్ మర్చిపోయా. 191 హైవే మీద 90లో వెళ్తుంటే జింక అడ్డం వచ్చింది. స్టీరింగ్ కొంచెమే తిప్పా, బండి పడవలా ఒరిగిపోయింది. సరిచేద్దామని ఇటు తిప్పితే ఇటు ఒరిగింది. జింక వెళ్ళిపోయింది. పక్క సీట్లో మా తమ్ముడు పైన హ్యాండిల్ పట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు. వాడు నోరు మూసుకున్నాడంటేనే నాకు భయం. పార్కింగ్ లైట్లు కొట్టుకుంటూ మెల్లగా పెట్రోల్ బంకు దాకా వెళ్ళి, అక్కడ వెలుతురులో బిగించా.

ఇప్పుడు బార్ విప్పగానే స్టీరింగ్‌కి ఎర్ర గుడ్డ కట్టేస్తా. ముందు బార్, తర్వాతే గాలి.

ఇండియాలో కొత్త థార్ ఉన్నవాళ్ళకి ఒక మాట. దాని ముందు సస్పెన్షన్ ఇండిపెండెంట్ రకం, రాంగ్లర్‌లా ఒకే గట్టి యాక్సిల్ కాదు. బార్ విప్పినా అంత లాభం కనిపించదు. నా వీడియో చూసి స్పానర్ పట్టుకోకండి.

టైర్లలో గాలి ఎంత తగ్గించాలో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటాను.