కణితిలో బంగారు రేణువులు

క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చేటప్పుడు డాక్టర్లను వేధించే చిక్కు ఒకటుంది. కణితి చావాలి, పక్కనున్న మంచి కండ మాడకూడదు. అక్కడ బంగారం అక్కరకొస్తుందేమోనని ఆశ.

బంగారం పరమాణు సంఖ్య 79. మన ఒంట్లో చాలావరకు హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్ లాంటి తేలిక మూలకాలే. అందుకే తక్కువ శక్తి ఎక్స్‌రేలను బంగారం కండకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా పట్టేస్తుంది. పట్టి ఊరుకోదు, ఎలక్ట్రాన్లను వెదజల్లుతుంది. అవి ఆ దగ్గర్లోనే క్యాన్సర్ కణపు డీఎన్ఏను తెంచుతాయి.

2004లో అమెరికాలో హైన్‌ఫెల్డ్ బృందం రొమ్ము కణితి ఉన్న చిట్టెలుకల రక్తంలోకి 1.9 నానోమీటర్ల బంగారు రేణువులు ఎక్కించి ఎక్స్‌రేలు ఇచ్చింది. ఏడాది తర్వాత 86 శాతం బతికున్నాయి. ఎక్స్‌రేలు మాత్రమే ఇచ్చినవాటిలో 20 శాతమే. ఆ తేడా తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అయితే ఆస్పత్రుల్లో రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ల కిరణాలు ఆ ప్రయోగంలోని ఎక్స్‌రేలకన్నా చాలా శక్తిమంతమైనవి. ఆ స్థాయిలో బంగారం ఆధిక్యం బాగా తగ్గిపోతుంది. రేణువులు కాలేయంలో పేరుకోవడం ఇంకో బెంగ. పరిశోధన సాగుతోంది. చికిత్సలో ఉన్నవారు మాత్రం స్వర్ణభస్మం మింగితే ఇదే మేలు జరుగుతుందని అనుకోవద్దు. దానికీ దీనికీ సంబంధం లేదు.