పెండ్లి ఫోటోలు: వెలయు బిల్లును



ముహూర్తము నిశ్చయమైనంతనే మన సదుము ప్రాంతమున పందిరికి, వంటకు, మేళమునకు బేరము కుదుర్చుకొందుము. ఫోటోలు తీయువానితో మాత్రము "ముందు రానిమ్ము, తరువాత చూచుకొందము" అందుము. నా పెద్దకుమార్తె వివాహమున నేనును అట్లే అంటిని. మూడు నెలలు గడచినను ఆల్బము రాలేదు. అతడడిగినది నాకు అధికమనియు, నేనిచ్చెదనన్నది అతనికి అవమానమనియు తోచినది. పొరుగూరివారమై యుండియు ఒకరినొకరు తప్పించుకొని తిరిగితిమి. తప్పిద మిరువురిదియు, పెద్దవాడనగుటచే నాది అధికము.

తుద కతడు లెక్క వ్రాసి చూపెను. కెమేరా, లెన్సులు, దీపములు కలిసి 1,50,000 రూపాయలనుకొందము. అవి 5 ఏండ్లు పనిచేయుననియు, ఏటికి 40 పనులు దొరకుననియు ఎంచినచో, పనికి 750 రూపాయలు వాని యరుగుదలకే పోవును. మన కంటబడినవి రెండు దినములు. వేలకొలది ఫోటోలలో మంచివి యేరుట, రంగులు సరిచేయుట, ఆల్బము కూర్చుట మరి యైదు దినములు. కావున కూలి యేడు దినములది. ఆపై సహాయకుని కూలి, పెట్రోలు, అచ్చు ఖర్చు. ఆషాఢమునను, పుష్యమునను, మూఢములలోను పెండ్లిండ్లుండవు. అప్పుడును అతని యింట పొయ్యి వెలుగవలయును గదా!

మదనపల్లె మార్కెట్టునకు టమోటా తోలి, ఏ ధర పలుకునో యని యెదురుచూచు బాధ మన మెరిగినదే. దానిని వేరొకనికి పెట్టనేల? ఈ వృత్తి నవలంబించిన మీ యింటి యువకులకును చెప్పుడు: ముందుగా వెల చెప్పుటకు సిగ్గుపడరాదు. బయానాకు మన పూర్వులు సంచకరువు అనిరి. సంస్కృతమున సత్యంకారము, అనగా మాటను నిజము చేయునది. మంచి మాట, వాడుకలో జారిపోయినది.

బిల్లున వరుససంఖ్య, తేది, ఇరువురి పేర్లు, ఏ కార్యము, ఎన్ని ఫోటోలు, ఆల్బమున కెన్ని పుటలు, విడివిడిగా వెలలు, ముట్టిన బయానా, మిగిలిన బాకీ, దాని గడువు ఉండవలయును. ఏటి రాబడి 20 లక్షల రూపాయలు మించనివాడు సాధారణముగా జి.ఎస్.టి. నమోదు చేసికొన నక్కరలేదు; నమోదు లేనివాడు ఆ పన్నును బిల్లున వేసి వసూలు చేయరాదు. మరియొకటి. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి, వేరు ఒప్పందము లేనిచో, సొమ్మిచ్చి తీయించుకొన్న ఫోటోలపై తొలి హక్కు తీయించుకొన్నవానిదే. వధూవరుల చిత్రమును దుకాణమున వ్రేలాడదీయ గోరువాడు ముందే సమ్మతిని వ్రాయించుకొనవలయును.

నా రెండవకుమార్తె వివాహమునకు ఆ యువకునే పిలిచితిని. సగము ముందుగా, పాతిక ముహూర్తపు దినమున, పాతిక ఆల్బము చేతికి వచ్చినప్పుడు అని తెల్లకాగితముపై వ్రాసికొని యిరువురము సంతకములు చేసితిమి. ఆల్బము గడువునకు రెండు దినములు ముందే వచ్చినది.