ఫిరౌను మహాగృహం – ఆసియా కోరిన ఇల్లు

సమస్త స్తోత్రములు అల్లాహ్‌కే చెందును. రాజులకు రాజ్యమును, దీనులకు సహనమును ప్రసాదించువాడు ఆయనే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభములు కురియుగాక!

ధర్మసోదరులారా!

ఈ శుక్రవారము మనము ఒక రాజు జీవితమును గురించి ఆలోచింతము. ప్రాచీన ఈజిప్టును ఏలిన ఫిరౌనులలో మిక్కిలి ప్రసిద్ధుడు రెండవ రామ్సెస్. చరిత్రకారుల లెక్క ప్రకారము క్రీస్తుపూర్వం 1279 నుండి 1213 వరకు, సుమారు 66 సంవత్సరములు అతడు రాజ్యమేలినాడు. అబూ సింబెల్‌లో కొండను తొలిపించి, సుమారు 20 మీటర్ల ఎత్తున తన విగ్రహములనే నాలుగింటిని నిలిపినాడు. లోపలి గర్భగృహములో దేవతామూర్తుల వరుసలో తన ప్రతిమను సైతము కూర్చుండబెట్టుకొనినాడు. పూర్వరాజుల కట్టడములపైన కూడ తన పేరు చెక్కించినాడు. ఆ పేరును తరువాతివారు చెరిపివేయజాలనంత లోతుగా రాతిలో దింపించినాడు.

రాజ్యమునకు వచ్చిన 5వ సంవత్సరమున అతడు హిత్తీయులపైకి, సిరియా ప్రాంతపు ఖాదేషుకు దండెత్తినాడు. శత్రువు దూరముగా ఉన్నాడని చెప్పిన ఇద్దరి మాట నమ్మి, సైన్యమంతయు చేరకముందే ముందుకు సాగి చిక్కుబడినాడు. ప్రాణములతో బయటపడినాడు గాని నగరము అతనికి చిక్కలేదు. అయినను ఆలయముల గోడలపైన అది అతడు ఒంటరిగా సాధించిన మహావిజయముగా చెక్కబడినది. న్యాయముగా చెప్పవలెనన్న, తన 21వ రాజ్యసంవత్సరమున అదే శత్రువుతో అతడు సంధి చేసుకొనినాడు. పగవారి విషయములోను న్యాయము తప్పరాదని బోధించు ధర్మము మనది. కనుక ఆ మంచిని మంచి అనుటకు మనము వెనుదీయము.

తొంబది ఏండ్ల వయస్సు వరకు బ్రతికిన ఆ రాజు కన్నులయెదుటనే పెద్దకుమారులు ఒకరి వెంట ఒకరు గతించినారు. సింహాసనము చివరకు 13వ కుమారుడైన మెర్నెప్తాకు దక్కినది. రాజుల లోయలోని సమాధిని దొంగలు దోచినారు. పూజారులు ఆ శవమును రహస్యముగా ఒక చోటినుండి మరియొక చోటికి మార్చినారు. 1881లో డైర్ అల్ బహరీ వద్ద, ఇతర రాజుల శవముల నడుమ అది వెలుగులోనికి వచ్చినది. 1976లో దానికి బూజు పట్టగా, చికిత్సకై పారిస్‌కు కొనిపోవలసి వచ్చినది. దేవతల సరసన కూర్చున్నవాడు తన మేనిపైని బూజును తాను తుడుచుకొనలేకపోయినాడు!

సోదరులారా! మూసా (అలైహిస్సలాం)ను ఎదిరించిన ఫిరౌను ఇతడేనని కొందరు, మెర్నెప్తా అని మరికొందరు చెప్పినారు. దివ్య ఖుర్‌ఆన్ మాత్రము ఆ దుర్మార్గుని సొంత పేరు ఒక్కచోటనైనను ఉచ్చరింపలేదు. రాతిలో పేర్లు దింపించుకొనిన రాజవంశములకు ఇంతకు మించిన సమాధానమేమి? అందులో మనకును ఒక హెచ్చరిక కలదు: ఫిరౌను ఒక వ్యక్తి మాత్రమే కాదు, ఒక స్వభావము.

ఆ స్వభావమును ఖుర్‌ఆన్ విడమరచి చూపినది. అతడు ప్రజలను వర్గములుగా చీల్చి, ఒక వర్గమును అణగద్రొక్కి, వారి మగశిశువులను వధించినాడని అల్ ఖసస్ సూరా తెలుపుచున్నది. తన క్రింద పారు నదులను చూపి అతడు విర్రవీగినాడని అజ్ జుఖ్రుఫ్ సూరా తెలుపుచున్నది. నీటిని చూచి గర్వించినవాడు నీటిలోనే మునిగినాడు. మునుగుచు విశ్వసించితినన్నాడు, కాని గడువు దాటిన ఆ పశ్చాత్తాపము అంగీకరింపబడలేదు. అతని దేహము మాత్రము తరువాతివారికి సూచనగా మిగిలినదని యూనుస్ సూరా బోధించుచున్నది.

‘ఫిరౌను’ అను మాటకు ప్రాచీన ఈజిప్టు భాషలో ‘మహాగృహం’ అని అర్థము. మొదట అది రాజప్రాసాదమునకు పేరు. తరువాత రాజుకే పేరైనది. ఆ మహాగృహములోనే అతని భార్య ఆసియా నివసించినారు. ఆమె అల్లాహ్‌ను ఏమి వేడుకొన్నారో అత్ తహ్రీమ్ సూరాలో చూడుడు. స్వర్గములో ఆయన సన్నిధిని ఒక ఇల్లు కావలెనన్నారు. ఫిరౌను నుండి, అతని చేతల నుండి విముక్తి కావలెనన్నారు. భూమిపై అన్నిటికన్న పెద్ద ఇంటిలో ఉండి ఆమెకు ఇల్లు లేకపోయినది. ఏలనన అందులో న్యాయము లేదు.

మన మాట ఏమి? దినమంతయు శ్రమించిన కూలివానికి ఇవ్వవలసిన కూలిని రేపు మాపు అని నెట్టునప్పుడు, ఇల్లాలి మాటను పూర్తిగా వినకముందే గద్దించునప్పుడు, మస్జిదుకు చందా ఇచ్చి శిలాఫలకముపైన మన పేరు క్రిందికి పోయినదని అలుగునప్పుడు, మనలో ఆ నీడ కదలుట లేదా? మన ఇల్లు ఎంత చిన్నదైనను, అందులో ఒకరు మనలను చూచి భయముతో ముడుచుకొనినచో అది ఫిరౌను గృహమే. భయపడినవారికి అభయము దొరికినచో, ఆసియా కోరిన ఇంటికి త్రోవ అక్కడే మొదలగును.

కనుక ఈ నమాజు ముగించి మరలినంతనే, ఎవరికి బాకీ ఉన్నామో వారి బాకీ తీర్చుదము; ఎవరిని నొప్పించితిమో వారిని క్షమాపణ వేడుకొందము. నీరు గొంతువరకు వచ్చిన తరువాత పలుకు మాటకు విలువ లేదని మనము విన్నాము.

ఓ అల్లాహ్! మా హృదయములలోని గర్వమును పెరికివేయుము. పీడితులకు తోడ్పడు శక్తిని మాకు ప్రసాదించుము. గడువు ఉండగానే పశ్చాత్తాపపడు భాగ్యమును మాకు అనుగ్రహించుము. నీ సన్నిధిని మాకును ఒక ఇంటిని నిర్మించుము. ఆమీన్.