గొంగడి ఉన్నికి కొత్త సూది



కర్ణాటక, తమిళనాడు సరిహద్దున ఉన్న అత్తిబెలెలోను, సమీపంలోని బొమ్మసంద్ర, ఎలక్ట్రానిక్ సిటీలలోను ఉద్యోగరీత్యా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తీరిక తక్కువ. దొరికిన కొద్దిపాటి తీరికలో, చిన్న ఇంటిలో, తక్కువ ఖర్చుతో నేర్చుకోదగిన ఒక హస్తకళను పరిచయం చేయడం ఈ ప్రసంగ ఉద్దేశం. దాని పేరు నీడిల్ ఫెల్టింగ్. సూదితో పొడిచి ఉన్నిని గట్టిపరచి, దానితో బొమ్మలు చేయడమే ఈ కళ. దీనికి మగ్గం అక్కరలేదు, కుట్టుమిషను అక్కరలేదు, దారం కూడా అక్కరలేదు.

ఉన్ని పోగును సూక్ష్మదర్శినితో చూస్తే దానిపై చేపకు ఉన్నట్లు పొలుసులు కనిపిస్తాయి. పోగులు ఒకదానితో ఒకటి రాసుకున్నప్పుడు ఆ పొలుసులు పెనవేసుకొని, మళ్లీ విడివడవు. వేడినీటిలో ఉతికిన ఊలు స్వెట్టరు కుంచించుకుపోవడానికి కారణం ఇదే. కాశ్మీరులో నమ్దాలు చేసేవారు నీరు, సబ్బు, ఒత్తిడి ఉపయోగించి ఈ గుణాన్నే పనికి తెచ్చుకుంటారు. నీడిల్ ఫెల్టింగులో ఆ పనిని సూది చేస్తుంది. ఈ సూదికి మూడు అంచులుంటాయి. అంచుల వెంట సన్నని గాట్లు ఉంటాయి. సూది దిగేటప్పుడు ఆ గాట్లు పైపోగులను లోపలికి తోస్తాయి. పైకి వచ్చేటప్పుడు వాటిని అక్కడే వదలివేస్తాయి. నిజానికి ఇవి ఫెల్టు గుడ్డను తయారుచేసే కర్మాగారపు యంత్రాల సూదులు. 1980లలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన ఎలినార్, డేవిడ్ స్టాన్‌వుడ్ దంపతులు వాటిని చేతితో పట్టి పనిచేయడంతో ఈ కళ ఇళ్లలోకి వచ్చింది.

కొత్తగా నేర్చుకొనేవారికి ఐదారు గ్రాముల ఉన్ని, రెండు సూదులు, ఒక మందపాటి స్పాంజి చాలు. సూదులకు సంఖ్యలుంటాయి. 36వ సంఖ్య ముతక, 38 మధ్యరకం, 40 సన్నం. తొలి ప్రయత్నానికి 38 అనువైనది. మొదట బంతి చేయడం మంచిది. ఉన్నిని వేళ్లతో విడదీసి, బిగుతుగా చుట్టి, స్పాంజిపై ఉంచి, అన్ని వైపులకూ తిప్పుతూ పొడవాలి. ఒకేవైపు ఎక్కువసేపు పొడిస్తే అక్కడ బల్లపరుపుగా అవుతుంది. సూదిని తిన్నగా దింపి, దిగిన దారినే పైకి తీయాలి. లోపల ఉండగా పక్కకు వంచితే విరుగుతుంది. చూపు మరల్చితే వేలికి గుచ్చుకుంటుంది కనుక టీవీ చూస్తూ చేయదగిన పని కాదు. సూదులను పసిపిల్లలకు అందకుండా ఉంచాలి. తొలి బంతి కోడిగుడ్డులా వచ్చినా దిగులు అక్కరలేదు. లొత్త పడినచోట మరికొంత ఉన్ని చేర్చి పొడిస్తే ఆకారం సరిపడుతుంది.

కళ కొత్తదే గాని, తెలుగువారికి ఉన్ని కొత్తది కాదు. తెలంగాణలోని కురుమలు దక్కని జాతి గొర్రెల ఉన్నిని కత్తిరించి, విల్లుతో ఏకి, వడికి, మగ్గంపై గొంగడి నేస్తారు. దానికి చింతగింజల గంజి పట్టిస్తారు. కాపరికి ఎండలోను, వానలోను, చలిలోను గొంగడే ఆసరా. రాత్రి పడక కూడా అదే. కన్నడ నేలపై కురుబలు దానినే కంబళి అంటారు. చిత్రదుర్గ జిల్లాలోని చళ్లకెరె కంబళ్లకు పేరుపొందింది. ఇరువురూ కొలిచే దైవం బీరప్ప. అత్తిబెలెలో పక్కపక్క ఇళ్లలో ఉండే తెలుగువారికి, కన్నడిగులకు ఈ ఉన్ని ఉమ్మడి వారసత్వం.

ఆ వారసత్వం ఇప్పుడు కష్టంలో ఉంది. మిల్లు దుప్పట్లు వచ్చి గొంగడికి గిరాకీ తగ్గింది. మాంసానికి ధర బాగుండటంతో అనేకమంది కాపరులు నెల్లూరు జాతి వైపు మళ్లారు; ఆ గొర్రెకు పొట్టి వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు. దక్కని గొర్రెలను పెంచుతున్నవారు సైతం కత్తిరించిన ఉన్నికి కొనేవారు లేక దానిని పారవేస్తున్న చోట్లు ఉన్నాయి. నగరంలో ఈ కళ నేర్చుకొనేవారు మాత్రం దిగుమతి అయిన మెరినో ఉన్నిని గ్రాముల లెక్కన కొంటున్నారు.

దక్కని ఉన్ని ముతకది. దానితో చేసిన బొమ్మ నున్నగా రాదు. అయితే గొర్రెపిల్లకు, ఎలుగుబంటికి ఆ గరుకుదనమే అందం. నలుపు, గోధుమ, బూడిద వన్నెలు సహజంగానే లభిస్తాయి. ఏ బొమ్మకైనా లోపలి ముద్దను దీనితో చేసి, పైన పలుచగా రంగు ఉన్ని అద్దవచ్చు. పచ్చి ఉన్నిని గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టి, రుద్దకుండా, మెలిపెట్టి పిండకుండా, రెండు మూడుసార్లు నీరు మార్చి నీడలో ఆరబెట్టాలి. రుద్దితే అది అక్కడే అట్టకడుతుంది.

కొద్దిమంది తీరికవేళ చేసే బొమ్మలతో గొంగడి మగ్గాలన్నీ మళ్లీ ఆడవు. కాని పారవేసే ఉన్నికి ఒక ఉపయోగం, ఒక వెల ఉన్నాయని కాపరికి తెలియడానికి కొద్దిమంది కొనుగోలుదారులైనా కావాలి. పండుగకు సొంత ఊరు వెళ్లినవారు అక్కడి కాపరిని కలిసి, ఒక సంచెడు ఉన్ని అడిగి, ఊరికే తీసుకోకుండా దానికి తగిన ధర చెల్లించి తెచ్చుకోవడం ఈ విద్యకు మంచి ఆరంభం.