గగనయానమున నియమపాలనము

(పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



న్యాయవాదవృత్తియందుండు మేము వైమానికవిద్యను గూర్చి ప్రసంగింప బూనుట మీలో గొందరికి వింతగా దోచవచ్చును. మేము విమానమును నడిపినవారము కాము. కాని యొక దుర్ఘటన జరిగిన పిదప సాక్ష్యమును సేకరించి, ఏ క్షణమున నెవరేమి చేసిరి, ఏమి చేయక విడిచిరి యని నిర్ణయించిన విచారణ నివేదికలను జదువుట మా వృత్తికి సహజమైన పని. అట్టి నివేదికలను గొన్నింటిని జదివినపుడు మాకు గలిగిన నిశ్చయము నొక్కదానిని మీ ముందుంచుటకే నేడు నిలిచితిమి. ఆకాశమున బ్రాణములను గాపాడునది వైమానికుని సాహసము కాదు, అతని నిత్యనియమము. ఆ నియమమునకు భంగము గలిగించువారిలో నేలమీదనుండు మనమును గలము.

విమానయానము రెండు తెఱగులు. టిక్కెట్టు కొన్నవారి నెల్ల నెక్కించుకొని నిర్ణీతవేళకు బోవు పెద్ద విమానములు మొదటి తరగతివి. కంపెనీలవారును, ధనికులును, ప్రభుత్వములును, రాజకీయపక్షములును దమ పనులకై స్వంతముగనో యద్దెకో నడిపించుకొను చిన్న జెట్టులును హెలికాప్టరులును రెండవ తరగతివి. మొదటి తరగతి వైమానికుని వెనుక నొక పెద్ద సంస్థ నిలిచియుండును. వాతావరణమును జూచువారు వేఱు. ఇంధనమును లెక్కించువారు వేఱు. ప్రయాణికులకు సమాధానము చెప్పువారు వేఱు. రెండవ తరగతివాడు తఱచుగా నీ పనులలో బెక్కింటిని దానే చూచుకొనవలెను. పెట్టెలు సర్దుటయు నొక్కొక్కప్పు డాతని పాలబడును. అన్నింటికంటె గష్టమైన దేమనగా, అతనికి జీతమిచ్చు యజమానుడు కొలదిపాటి దూరమున, అతని వీపు వెనుకనే కూర్చుండి, గడియారమును జూచుచుండును.

ఈ రెండవ తరగతిని గూర్చియే మా ప్రసంగము. ముందుగా నొక పాతకథను వినుడు.

1935వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన అమెరికాలో ఒహాయో రాష్ట్రమందలి రైట్ ఫీల్డున, బోయింగు కంపెనీవారు క్రొత్తగా నిర్మించిన మోడల్ 299 అను నాలుగు ఇంజనుల విమానము సైన్యమువారి పరీక్షకై లేచెను. దానిని నడిపినవాడు మేజర్ ప్లోయర్ హిల్ అను ననుభవశాలి. విమానము తిన్నగా బైకిలేచి, నిలువలేక, నేలగూలి మండెను. హిల్ మరణించెను. బోయింగువారి వైమానికుడు లెస్లీ టవరును గాయములచే బిదప మరణించెను. విచారణలో దేలిన కారణమేమి? విమానము నిలిచియున్నపుడు తోకయందలి కదలురెక్కలు గాలికి గొట్టుకొని చెడకుండ వానిని బిగించియుంచు గొళ్లెమొకటి కలదు. దానిని గస్టు లాకు అందురు. లేచుటకు ముందు దానిని విడిపింప మఱచిరి.

ఆ మహాయంత్రమును నడుపుట మానవునకు శక్యము కాదని యప్పుడు కొందఱనిరి. వైమానికులు మాత్రము వేఱొక దారి గనిరి. జ్ఞాపకశక్తిని నమ్ముట మాని, చేయవలసిన పనులను వరుసగా నొక చీటిపై వ్రాసి, ప్రతిసారియు జదువుచు జేయనారంభించిరి. చెక్‌లిస్టు అను పరిశీలనాపట్టిక విమానయానమున నెలకొనుట కా దుర్ఘటనయే మూలమయ్యెను. ఆ విమానమే బి-17 అను పేర తరువాత 12,000కు పైగా నిర్మింపబడినది. యంత్రము మానవునకు మించినది కాదని దీనివలన రుజువయ్యెను.

ఇది జరిగి దాదాపు 79 ఏండ్లు గడచెను. 2014 మే 31వ తేదీ రాత్రి, మసాచుసెట్సు రాష్ట్రమున బెడ్‌ఫర్డు పట్టణమందలి హాన్స్‌కమ్ ఫీల్డు నుండి గల్ఫ్‌స్ట్రీమ్ జి-4 అను వ్యాపారజెట్టు అట్లాంటిక్ సిటీకి బయలుదేఱెను. అందు ఫిలడెల్ఫియా పత్రికల యజమానులలో నొకడగు లూయిస్ కాట్జ్ మొదలుగా నలుగురు ప్రయాణికులును, ఇరువురు వైమానికులును, ఒక పరిచారికయు నుండిరి. విమానము రన్‌వేపై బరుగిడెను, వేగము హెచ్చెను, ముక్కు మాత్రము లేవలేదు. లాకు పడియున్నదని పలుమాఱు పలికిన మాటలు సంభాషణలను నమోదుచేయు యంత్రమున నిలిచియున్నవి. అయినను బ్రేకులు వేయుటకు సుమారు 10 సెకండ్లును, ఇంజనులను దగ్గించుటకు మఱి 4 సెకండ్లును జాగు జరిగెను. అంతలో రన్‌వే ముగిసెను. విమానము కంచెను దాటి, వాగుపల్లమున జిక్కి, మండిపోయెను. ఏడుగురును మరణించిరి. కారణము? 1935లో విడిపింప మఱచిన గొళ్లెము వంటిదే మఱియొక గొళ్లెము!

ఈ వైమానికులు నేర్పులేనివారా? కారు. ఇరువురును బహుకాలముగా గలసి యెగిరినవారు. సిమ్యులేటరు శిక్షణ పొందినవారు. కాని యా రాత్రి వారు పట్టికను జదివిన శబ్దము నమోదుయంత్రమున వినబడలేదు. లేచుటకు ముందు చుక్కానిని, కదలురెక్కలను ఆ చివరనుండి యీ చివరకు గదల్చిచూచు పరీక్ష యొకటి కలదు. దానికి బట్టు కాలము కొన్ని సెకండ్లు మాత్రమే. విచారణకర్తలు ఆ విమానము అంతకుముందు చేసిన 175 ప్రయాణముల నమోదులను శోధింపగా, ఆ పరీక్ష సంపూర్ణముగ జరిగినది 2 మాఱులు; సగము జరిగినది 16 మాఱులు; తక్కిన 157 మాఱులు జరుగనేలేదు.

మహాజనులారా, ఈ 157 అను సంఖ్యను గొంచె మాలోచింపుడు. అన్ని మాఱులును వారు క్షేమముగ దిగిరి. క్షేమముగ దిగిన ప్రతి ప్రయాణమును, ఆ పరీక్ష యనావశ్యకమని వారికి బోధించెను. నియమభంగమునకు వెంటనే శిక్ష పడినచో మానవుడు త్వరగా దిద్దుకొనును. శిక్ష పడకపోవుటయే యిచ్చట నపాయకరమైన గురువయ్యెను.

దోషమంతయు వైమానికులదే యనుట న్యాయము కాదు. గొళ్లెము పడియున్నపుడు ఇంజనులశక్తిని బెంచు పిడి కొద్దిగా మాత్రమే కదలునట్లు నిర్మింపవలసియుండగా, ఆ విమానమున నది యంతకు మూడు నాలుగింతలు కదలుచుండెను. ఇది నిర్మాతల లోపము. నమూనాపటములను జూచి యామోదించిన యధికారుల లోపము కూడ. ఈ యలసత్వము ఆ యిద్దఱు వైమానికులకే పరిమితమైనదియు గాదు. అమెరికాయందలి జాతీయ వ్యాపారవిమానయాన సంఘమువారు 2013 మొదలు 2015 వఱకు 379 విమానములు చేసిన 1,43,756 ప్రయాణములను బరిశీలింపగా, నూటికి 17 మించిన ప్రయాణములలో నీ పరీక్ష సంపూర్ణముగ జరుగలేదని తేలెను.

ఇక నియమమన నేమి? ఒకడు పట్టికయందలి యంశమును బిగ్గఱగా జదువవలెను. రెండవవాడు దానిని గంటితో జూచి, చేతితో దాకి, బదులు చెప్పవలెను. దస్తావేజును రిజిస్టరు చేయువేళ, సంతకము తనదే యని వ్రాసియిచ్చినవాని నోటనే యధికారి పలికించుట మీరెఱుగుదురు. పది దస్తావేజులు వ్రాసిన పండితుడైనను ఆ ప్రశ్నను దప్పించుకొనలేడు. చెక్‌లిస్టును నట్టిదే. ఇది వైమానికుని తెలివిని శంకించుట కాదు, మఱపునకు దావీయకుండుట. సిమ్యులేటరులో నేటేట ఇంజను చెడుటను, పొగ వచ్చుటను, లేవబోయి యాగుటను అభ్యసించుటయు నిందుకే. దిగునపుడు వేగమును ఎత్తును నిర్ణీతమైన హద్దులలో లేనిచో, వాదింపక, మరల బైకి బోవలెనని నియమము. సహవైమానికుడు చిన్నవాడైనను, తప్పు కనబడినపుడు పెద్దవానితో నిస్సంకోచముగ జెప్పవలెనని నియమము. వినయము పేర మౌనము వహించుట కిచ్చట జోటులేదు.

ఇంతవఱకు వైమానికుల ధర్మమును జెప్పితిమి. ఇక మన ధర్మము. 2001 మార్చి 29వ తేదీన అద్దెకు దీసికొన్న గల్ఫ్‌స్ట్రీమ్ జెట్టొకటి లాస్ ఏంజలీసు నుండి కొలరాడో కొండలలోని ఆస్పెను పట్టణమునకు బోయెను. ప్రయాణికు లాలస్యముగా వచ్చిరి. చీకటి పడిన కొంతసేపటికే యచ్చట దిగుటకు గడువు ముగియును. వేఱొకచోట దిగవలసి రావచ్చునని వైమానికుడు చెప్పినట్లు విని, అద్దెకు దీసికొన్న యాసామి యాగ్రహించి, ఆ మాటలు కట్టిపెట్టుమని కంపెనీకి గబురంపించెను. మంచు కురియుచుండెను. ముందు వచ్చిన విమానములు కొన్ని రన్‌వే కానరాక మరలిపోయెను. ఈ విమానము మాత్రము రన్‌వే కనబడకయే యనుమతించిన యెత్తునకు దిగువకు దిగి, కొండవాలును దాకెను. 18 మంది మరణించిరి. యజమానుని యొత్తిడియు నొక కారణమేయని విచారణ నివేదిక స్పష్టముగ వ్రాసినది.

మన తెలుగుదేశమునకు నీ దుఃఖము క్రొత్తది కాదు. 2002 మార్చి 3న లోకసభాధ్యక్షుడు బాలయోగి గారిని గైకలూరు చెంత హెలికాప్టరు దుర్ఘటనలో గోల్పోతిమి. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారమునకై కరీంనగరమునకు బయలుదేఱిన నటి సౌందర్య బెంగుళూరు జక్కూరున జిన్నవిమానము గూలి మరణించెను. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి గారు చిత్తూరు జిల్లాలో సభకు బోవుచు, మఱి నలుగురితో గూడ నల్లమలలో గూలిపోయిరి. ఆ చివరి దుర్ఘటనలో, దట్టమైన మేఘములనడుమ వైమానికులు చమురు పీడనపు హెచ్చరికను గూర్చి కొన్ని నిమిషములు గ్రంథమును వెదకుటలో మునిగియుండిరనియు, బలమైన దిగుడుగాలి హెలికాప్టరును గ్రిందికి లాగెననియు విచారణసంఘము తేల్చినది. ఈ మూటికిని గారణములు వేఱువేఱు. కాని వీనిలో జివరి రెండు ప్రయాణములకును బయట నెదురుచూచు జనముండెను.

ఆ జనమును గూర్చినవారిలో మేమును గలము. ఉద్యమకార్యకర్తలుగా మేము సభ లెన్నియో యేర్పాటు చేసితిమి. ఒకమాఱు మబ్బు దట్టముగా నుండుటచే నాయకుని హెలికాప్టరు లేవదని కబురు వచ్చినది. మైదానమున వేలాదిజనము నిలిచియుండెను. మేము గంటలో నాఱుమాఱులు టెలిఫోను చేసి, "ఎట్లయినను రప్పింపుడు, ఇచ్చట మొగము చూపలేకున్నాము" అంటిమి. వైమానికుడు లొంగలేదు. నాయకుడు కారులో రాత్రికి జేరెను; జనము పలుచబడెను. ఆ వైమానికుని మే మానాడు పిఱికివాడంటిమి. ఆస్పెను నివేదికను జదివిననాడు, ఆ టెలిఫోనును చేతబట్టినవారము మేమేయని గ్రహించి సిగ్గుపడితిమి.

విమానమును గూర్చిన తుదినిర్ణయము వైమానికాధిపతిదేయని అంతర్జాతీయ నియమము ఘోషించుచున్నది. కాని వెనుకపీఠమునుండియు, సభాస్థలమునుండియు వచ్చు నొత్తిడి యా యధికారమును గాగితముగా జేయగలదు. కావున సభలు కూర్చువారికి మా మనవి: నాయకుడు వేళకు రాలేనియెడల నేమి చేయవలెనో ముందే నిర్ణయించుకొనుడు. రోడ్డుమార్గమును సిద్ధముగ నుంచుడు. వైమానికునకు టెలిఫోను చేయకుడు. విమానము నద్దెకు దీసికొను వ్యాపారులకు మా మనవి: బయలుదేఱుటకు ముందే, "మీరు వలదన్న మేము మాఱుమాట యాడము" అని వైమానికునకు మీ నోటితో జెప్పుడు. అతడు చీటి చదువుచుండగా పలుకరింపకుడు. అతడు మరలిన దినమున నతని జీతమునకు లోపము రాకుండ జూడుడు.

వాయుమార్గమున వచ్చి మనలను మెప్పించిన నాయకులకు బూలమాలలు వేసితిమి. వాతావరణము బాగుగలేదని వెనుకకు మరలి, తనతోడివారిని సజీవముగ నిల్లుచేర్చిన వైమానికునకు మాల వేసినవా రెవరును మా యెఱుకలో లేరు. ఆ మాల మొదట వేయు సభ మన యూరిసభ యగుగాక యని మా కోరిక.