పేరు మార్చిన మాంసము

చేపల బజారుకు పోయినప్పుడు మనము ఏమి చేస్తాము? మొప్ప ఎత్తి ఎరుపు చూస్తాము. కన్ను తేటగా ఉన్నదా అని చూస్తాము. వేలితో నొక్కి కండ బిగువు తెలుసుకొంటాము. వంజరమును వంజరమని, చందువను చందువ అని పోల్చుకొనుటకు ఆకారమున్నది, రెక్క ఉన్నది, తోక ఉన్నది. కాని తల తీసి, తోలు ఒలిచి, ఎముకలు ఏరి, తెల్లని ముక్కలుగా కోసి మంచుపెట్టెలో అమర్చిన తరువాత మనకు మిగిలేది అమ్మేవాని మాట ఒక్కటే.

ఆ మాట ఎంతవరకు నమ్మదగినదో న్యూయార్కు నగరములో ఇద్దరు పాఠశాల విద్యార్థినులు 2008లో పరీక్షింపజేసినారు. అంగళ్ళలోను హోటళ్ళలోను 60 చేపముక్కలు సేకరించి కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయమునకు పంపినారు. జాతి తేలిన ముక్కలలో నాలుగవ వంతుకు పేరొకటి, చేప మరొకటి! ఖరీదైన తెల్ల ట్యూనా అని అమ్మినది తిలాపియా అని తేలినది. 2013లో ఓషియానా అనే సంస్థ అమెరికాలో 1,215 నమూనాలు పరీక్షింపజేసిన ఫలితములను ప్రకటించినది. వాటిలో మూడవ వంతు తప్పుపేరుతో అమ్మినవే. రెడ్ స్నాపర్ అని కొన్న 120 ముక్కలలో నిజముగా ఆ చేపవి ఏడు మాత్రమే.

కంటికి అందని ఈ మోసము ఎట్లా బయటపడినది? జీవకణములలో డి.ఎన్.ఏ. అనే పదార్థమున్నది. నాలుగే అక్షరములతో వ్రాసిన పొడవైన వ్రాత వంటిది అది. అందులో సుమారు 650 అక్షరముల భాగమొకటి ఒక జాతి జంతువులన్నిటిలో దాదాపు ఒకే తీరుగా, వేరొక జాతిలో వేరు తీరుగా ఉంటుంది. దానినే జాతికి గుర్తుగా తీసుకొనవచ్చునని గ్వెల్ఫ్‌లోని పాల్ హెబర్ట్ బృందము 2003లో ప్రతిపాదించినది. ముక్కలోని వ్రాతను చదివి, ముందే సేకరించి పెట్టిన వ్రాతలతో పోల్చితే జాతి తెలుస్తుంది. తోలు ఒలిచినా, ముక్కలు కోసినా ఆ వ్రాత చెరగదు.

ఇది కొనేవారి డబ్బుకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. వ్యాపారము కొరకు తిమింగలములను వేటాడరాదని అంతర్జాతీయ తిమింగలవేట సంఘము 1982లో తీర్మానించినది. ఆ నిషేధము అమలులోనికి వచ్చిన తరువాత కూడ జపాను, శాస్త్రపరిశోధన నిమిత్తమని మింకీ తిమింగలములను పట్టి, వాటి మాంసమును బజారుకు విడిచేది. బజారులోని మాంసమంతా మింకీదేనా అని స్కాట్ బేకర్, స్టీఫెన్ పాలుంబి అనే శాస్త్రజ్ఞులకు సందేహము కలిగినది. కాని అపాయములో ఉన్న జంతువుల మాంసమును అనుమతి లేక దేశపు ఎల్లలు దాటించుట అంతర్జాతీయ ఒడంబడికకు విరుద్ధము. ముక్కను ప్రయోగశాలకు తేలేరు గనుక, 1993లో ప్రయోగశాలనే ముక్క వద్దకు తీసుకొనిపోయినారు. హోటలు గదిలో చిన్న యంత్రము అమర్చి, ముక్కలలోని డి.ఎన్.ఏ.కు ప్రతులు తీసి, ఆ ప్రతులను మాత్రమే వెంట తెచ్చుకొని చదివినారు. 1994లో వారు ప్రకటించిన ఫలితములలో మింకీతోపాటు ఫిన్ తిమింగలము, 1966 నుండి వేట నిషిద్ధమైన గూని తిమింగలము కనిపించినవి. కొన్ని ముక్కలు డాల్ఫిన్ల కుటుంబమునకు చెందినవి. అనుమతి ఉన్న ఒక్క పేరు చాటున అనుమతి లేని జాతులు అమ్ముడుపోతున్నవన్నమాట! జపాను 2019లో ఆ సంఘమును విడిచి వ్యాపారపు వేటను మళ్ళీ ప్రారంభించినది.

ఈ విద్య మన హైదరాబాదుకు కొత్త కాదు. అక్కడి కణ, అణు జీవశాస్త్ర కేంద్రములో ఎస్. కె. వర్మ, లాల్జీ సింగ్ గారలు అనేక జంతుజాతులను ఒకే పద్ధతిలో గుర్తించే ఉపాయమును 2003లో ప్రకటించినారు. అడవిలో పట్టుబడినవాడు సంచిలోని ముక్కలను మేకమాంసమని బుకాయించవచ్చును. అది జింకదైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. అటువంటి కేసులలో ముక్కయే సాక్షి.

అయితే ఈ సాక్షికి అన్నీ తెలియవని మేము మనవి చేయవలసి ఉన్నది. ఇది ఏ జాతియో చెప్పగలదు. ఎప్పుడు చంపినారో చెప్పలేదు. నిషేధమునకు ముందు నిలువ చేసిన పాత మాంసమని వర్తకుడు వాదిస్తే ఈ పరీక్ష ఒక్కటే చాలదు. పేరు మార్చినది పడవవాడా, టోకు వర్తకుడా, వంటశాలవాడా అనేది కూడ ముక్క చెప్పదు. అందుకే పడవ నుండి పళ్ళెము వరకు సరుకు చేతులు మారిన ప్రతి చోట లెక్క ఉండవలెను. ఆ లెక్క నిజమా కాదా అని అప్పుడప్పుడు పరీక్ష జరగవలెను.

శ్రోతలు ఇంటినుండి చేయగలిగినది కూడ ఒకటున్నది. వీలైనప్పుడు చేపను నిండు చేపగా చూచి, మీ యెదుటనే కోయించుకొనండి. ముక్కలే కొనవలసి వస్తే ఏ చేప, ఎక్కడిది అని అడగండి. అడిగేవారున్నచోట పేరు మార్చుటకు కొంతైనా జంకుతారు.